అంగి జేబులో కటింగ్ ప్లయర్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు బడిని గురించి, సార్ల బెత్తాలను గురించి చెప్పాల్సినవన్నీ చెప్పారు. కమిటీ వాళ్ళు నాకు వేరే పని అప్పజెప్పారు. స్వర్ణోత్సవం గుర్తుగా శాలువలు, మెమెంటోలు అందరూ ఇస్తారు, అవి షోకేసులో దుమ్ము పట్టి ఉంటాయి, వాడుకునే వస్తువేదన్నా ఇద్దామని ఒక తమ్ముడు అన్నాడట. మడిస్తే జేబులో పట్టే మల్టీటూల్ అయితే బాగుంటుందని ఇంకొకాయన అన్నాడట. ముప్పై ఏళ్ళు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పిల్లలకు ఆకురాయి పట్టడం నేర్పినవాణ్ణి కాబట్టి ఏది కొనాలో చెప్పమని నాకు పావుగంట ఇచ్చారు. మాస్టరుకు మైకు ఇచ్చి పావుగంట అంటే నమ్మేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరనుకుంటా.

మల్టీటూల్ చూడనివాళ్ళ కోసం ఒక మాట. రెండు పిడులు విప్పితే నడుమ కటింగ్ ప్లయర్ ముక్కు బయటికొస్తుంది. పిడుల లోపల చాకు, స్క్రూడ్రైవర్, ఒక్కోదాంట్లో కత్తెర, ఆకురాయి మడిచి ఉంటాయి. చాకు ప్రధానంగా ఉండే ఎర్రపిడి స్విస్ కత్తి వేరు, ప్లయర్ ప్రధానంగా ఉండే ఈ జాతి వేరు. నేను చెప్పేది రెండోదాన్ని గురించి.

వెంట సామాను పెట్టుకు తిరగడం మనకు కొత్త కాదు. మా తాత మొలతాడుకు సందుగు తాళంచెవి, దాని పక్కనే ముల్లు తీసుకునే చిమటా వేలాడేవి. గౌడన్న తాడెక్కేటప్పుడు మోకు, ముస్తాదుతో పాటు నడుముకు కత్తులు కట్టుకొని ఎక్కుతాడు. చెట్టు మొవ్వు దగ్గరికి పోయినాక కత్తి కింద మరిచిపోయానంటే మళ్ళీ దిగి ఎక్కాల్సిందే. అందుకే ఆయన నడుముకు ఉన్న దాంట్లో అలంకారానికి ఉన్నది ఒక్కటీ కనిపించదు. నేను ఐటీఐ పిల్లలకు టూల్ కిట్ పాఠం మొదలుపెట్టేటప్పుడు ఎప్పుడూ గౌడన్న నడుముతోనే మొదలుపెట్టేవాణ్ణి.

కమిటీ వాళ్ళు అడిగినాక నేను ఒక నెల రోజులు చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాను. ఇంట్లో, బాయికాడ, బండి మీద ఎక్కడ ఏ సామాను కావాలనిపిస్తే అది రాసుకున్నాను. సగానికి పైగా చాకుతోనో కత్తెరతోనో అయ్యే పనులే. ఎరువు బస్తా కుట్టు కోయడం, పార్సిల్ విప్పడం, మందు పొట్లం చించడం. ఆ తర్వాత స్క్రూడ్రైవర్. ప్లయర్ అవసరం వారానికి ఒకటి రెండుసార్లకు మించలేదు.

మరి అట్లయితే ప్లయర్ ఎందుకు, ఒక చాకు చాలదా అని మా ఇంటామె అడిగింది. న్యాయమైన ప్రశ్న. బస్తా కుట్టు చాకు లేకపోతే తాళంచెవితో తెంపొచ్చు, మన పెద్దలు పళ్ళతో తెంపారు. కానీ స్ప్రేయర్ నాజిల్ బిగుసుకుపోతే వేళ్ళతో రాదు. కంచెకు బైండింగ్ వైరు మెలిపెట్టాలంటే వేళ్ళతో కాదు. చెప్పులో దిగిన తుమ్మముల్లు, సగం విరిగి తాళంలో ఇరుక్కున్న తాళంచెవి, పొయ్యి మీద పిడి ఊడిన గిన్నె, వీటి దగ్గర వేళ్ళు ఓడిపోతాయి. వారానికి ఒక్కసారే రావచ్చు, ఆ ఒక్కసారి దానికి బదులు లేదు. ప్లయర్ ఉన్నదాన్ని ఎంచుకోవడానికి కారణం ఇంతే.

అమెరికాలో దీన్ని కనిపెట్టినాయన కథ కూడా అట్లాంటిదే. టిమ్ లెదర్‌మన్ అని మెకానికల్ ఇంజనీరు. 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారు వేసుకొని యూరప్ తిరిగాడు. మన పెద్ద బ్యాచీల వాళ్ళు ఇదే ఊళ్ళో పలక బలపం వదిలి పెన్ను పట్టిన రోజులవి. కారు మాటిమాటికి ఆగేది, అగ్గువ హోటళ్ళలో నల్లాలు కారేవి. జేబులో చాకు ఉంది కానీ పట్టి తిప్పేందుకు ప్లయర్ లేదు. చాకులో ప్లయర్ ఉంటే బాగుండునన్న ఆలోచన అక్కడ పుట్టింది. తిరిగొచ్చి గ్యారేజీలో కూర్చొని గీసి, కోసి, రాకి, కంపెనీలన్నిటికీ చూపిస్తే ఎవరూ తీసుకోలేదు. చాకుల వాళ్ళు ఇది పనిముట్టు అన్నారు, పనిముట్ల వాళ్ళు ఇది ఆటవస్తువు అన్నారు. చివరికి 1983లో ఒక స్నేహితుడితో కలిసి పోర్ట్‌లాండ్‌లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ఆలోచన వచ్చినాక ఎనిమిదేళ్ళకు. ఐటీఐలో ఒక్క జాబు సరిగ్గా రాకపోతే మొహం వేలాడేసే పిల్లలకు ఈ కథ చెప్పేవాణ్ణి.

ఇప్పుడు బరువు సంగతి. రోజూ బెల్టుకు తగిలించుకొనే లైన్‌మన్‌కో మెకానిక్‌కో అయితే బరువు లెక్కలేదు. మనం అడిగేది అప్పుడప్పుడు వెంట తీసుకుపోయే మనుషుల గురించి. పెళ్ళికి పోయేటప్పుడు, హైదరాబాద్ బస్సెక్కేటప్పుడు, సాయంత్రం చెల్క దాకా నడిచివచ్చేటప్పుడు. ఇట్లాంటివాళ్ళకు వస్తువు బరువైతే మొదటి వారం జేబులో, రెండో వారం బండి డిక్కీలో, మూడో వారం బీరువాలో ఉంటుంది.

పెద్ద సైజువి, అంటే లెదర్‌మన్ వేవ్ ప్లస్ లాంటివి, 241 గ్రాములు. అందులో 18 పనిముట్లు. విక్టోరినాక్స్ వాళ్ళ స్విస్‌టూల్ స్పిరిట్ రెండు వందల గ్రాముల పైన. బంగారంలాంటి పనితనం, కానీ అంగి జేబులో వేస్తే అంగి ఒక పక్కకు గుంజుకుపోతుంది. మీ చేతిలో ఉన్న ఫోను కూడా సుమారు అంతే బరువు, రెండో ఫోను మోసినట్టు. నడిమి రకంలో స్కెలెటూల్ అని ఉంది, 142 గ్రాములు. పేరుకు తగ్గట్టు ఎముకల గూడులా పిడికి బొక్కలు తీసి బరువు తగ్గించారు. ప్లయర్, వైర్ కట్టర్, చాకు, స్క్రూడ్రైవర్ బిట్టు, సీసా మూత తీసే కొక్కెం. అంతే. చాకు ప్లయర్ విప్పకుండానే ఒంటి చేత్తో బయటికి వస్తుంది, నా నోటుబుక్కు లెక్క ప్రకారం అది పెద్ద సుఖం. కత్తెర లేదు, ఆకురాయి లేదు. ఇంకో సంగతి, దాని బిట్లు చదునుగా ఉంటాయి, మన సూర్యాపేట షాపుల్లో దొరికే మామూలు ఆరుమూలల బిట్లు అందులో నేరుగా పట్టవు.

అందరికంటే చిన్నవి తాళాల గుత్తికి తగిలించేవి. గెర్బర్ డైమ్ 62 గ్రాములు, మడిస్తే మన వేలంత పొడుగు. స్ప్రింగు ప్లయర్, చిన్న కత్తెర. వీటిని చూసి నవ్వొద్దు. ఆడవాళ్ళ పర్సులో, ఆఫీసుకు పోయే పిల్లల సంచిలో రోజూ ఉండేది ఇదే.

కొనేటప్పుడు పేరు చివరి అక్షరం చూడాలి. ఈ మాట మన ఊరివాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. మోత్కూరు దిక్కు ఆత్మకూరు (ఎం) ఒకటి ఉంది కాబట్టే మనం ఆత్మకూర్ (ఎస్) అయ్యాం. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయి వాళ్ళు యాదాద్రి భువనగిరికి, మనం సూర్యాపేటకు వచ్చినా బ్రాకెట్ మాత్రం పోలేదు. బ్రాకెట్ మరిచిపోయి రాసిన ఉత్తరం ఎక్కడికి పోయేదో మీకందరికీ తెలుసు. మల్టీటూళ్ళు కూడా అంతే. లెదర్‌మన్‌లో స్టైల్ పీఎస్ అంటే ప్లయర్ ఉండి చాకు లేనిది, స్టైల్ సీఎస్ అంటే ప్లయర్ బదులు కత్తెర ఉన్నది. ఫోటోలో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అక్షరం చూడకుండా ఆర్డర్ పెడితే ప్లయర్ అనుకున్నవాడికి కత్తెర ఇంటికొస్తుంది.

ఇక కమిటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించిన నమూనా. పెట్టె మీద 24 పనులు చేస్తుందని రాసుంది, పేరు చెప్పను. ఇప్పుడు నేను చెప్పే పరీక్షలు దానిమీద చేశాను, మీరు ఏ దుకాణంలోనైనా చేయొచ్చు, దుకాణదారు ఏమీ అనడు.

ప్లయర్ మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. ముక్కు కొసలు ముందు కలవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. తర్వాత ఒక కాగితం ముక్కను కొసతో పట్టి గుంజండి, జారకూడదు. కట్టర్‌తో అదే కాగితాన్ని కోయండి, నలిగి ఊరుకుంటే కట్టర్ అంచులు కలవడం లేదన్నమాట. రెండు పిడులను పైకీ కిందికీ మెలితిప్పండి. కొత్తదే లొడలొడ ఊగితే ఏడాదికి ఏమవుతుందో ఊహించుకోండి. గట్టిగా నొక్కి పట్టినప్పుడు పిడి అంచులు అరచేతిలో కోస్తున్నాయేమో చూడండి. చాకు విప్పి దాని వీపు మీద బొటనవేలితో మెల్లగా నొక్కండి. లాకు లేకపోతే మడత పడి వేళ్ళ మీదికి వస్తుంది. కమిటీ నమూనా కాగితం దగ్గరే తప్పింది. చాకుకు లాకు లేదు. మిగిలిన 22 పనులు నేను చూడలేదు.

మన దగ్గర ఒక నమ్మకం ఉంది, అయస్కాంతం అంటుకుంటే అది అసలు స్టీలు కాదని. గిన్నెల దుకాణంలో ఆ పరీక్ష కొంతవరకు నడుస్తుంది. వంటింటి గిన్నెల స్టీలును కాల్చి నీళ్ళలో ముంచినా గట్టిపడదు, దాంతో చాకు చేస్తే రెండు బస్తాలకే మొద్దుబారుతుంది. చాకులకు వాడేది కాల్చి గట్టిపరచగలిగిన స్టీలు, 420హెచ్‌సీ లాంటిది. దానికి అయస్కాంతం అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా. కాబట్టి మల్టీటూల్‌కు అయస్కాంతం పట్టిందని పక్కన పెట్టేయకండి. అట్లని పట్టిన ప్రతిదీ మంచిదని కాదు, మామూలు ఇనుపరేకుకు కూడా పడుతుంది.

చిన్నదానితో ఎంత పని చేయించొచ్చు? ఐటీఐ మొదటి ఏడాది పాఠమే. ప్లయర్ అంటే రెండు మీటలు. మనం పట్టే చోటు మేకు నుంచి ఎంత దూరమో, వస్తువు పట్టే చోటు ఎంత దూరమో, ఆ రెంటి నిష్పత్తే మన బలాన్ని పెంచేది. ఇంట్లో ఉండే ఎనిమిది అంగుళాల కటింగ్ ప్లయర్‌ను మేకు నుంచి పన్నెండు సెంటీమీటర్ల దూరంలో పట్టి, రెండు సెంటీమీటర్ల దగ్గర తీగె పెడితే బలం ఆరింతలు. తాళాల గుత్తి సైజుదానికి పిడే నాలుగు సెంటీమీటర్లు. ముక్కు నడుమ పట్టిన వస్తువు మీద బలం రెండింతలు దాటదు. నడిమి రకానికి మూడింతల దాకా వస్తుంది. బైండింగ్ వైరు తెంపొచ్చు. బైకు క్లచ్ తీగె, ముళ్ళతీగె పెట్టారంటే కట్టర్ పళ్ళు పడతాయి. బండి నట్లు కూడా ప్లయర్‌తో తిప్పొద్దు, మూలలు అరిగి తర్వాత పానాకు కూడా లొంగవు. బండికి పానాలే.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నా. ఇది చెప్పడానికే నేను ఈ మైకు తీసుకున్నాను.

ఇక్కడున్నవాళ్ళలో సగం మందికి బాయికాడ మోటరుంది. జేబులో ప్లయర్ ఉన్న మనిషి స్టార్టర్ డబ్బా దగ్గరికి పోతే ఏం చేస్తాడు? జేబులోంచి తీస్తాడు. ఈ మల్టీటూళ్ళన్నిటికీ పిడులు ఒట్టి స్టీలు. 142 గ్రాములదైనా, 241 గ్రాములదైనా, ఎంత ఖరీదైనదైనా సరే. దాంతో కరెంటు తీగె ముట్టుకోవడమంటే చేత్తో ముట్టుకోవడమే. పిడి మీద రంగు ఉన్నా, ప్లాస్టిక్ పలక ఉన్నా అది అందానికే.

కరెంటు లేదు కదా అంటారు. మన మోటర్లకు వచ్చేది మూడు ఫేజులు. ఒక ఫేజు పోతే మోటరు ఆగుతుంది, మిగిలిన రెండింటిలో కరెంటు ఉంటుంది. మోటరు ఆగింది కాబట్టి కరెంటు లేదనుకోవడం అక్కడే ప్రాణం తీస్తుంది. ఆటో స్టార్టర్ పెట్టుకున్నవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. కరెంటు పోయిందని డబ్బా విప్పి చేయి పెట్టిన సమయానికి కరెంటు వస్తే మోటరు దానంతటదే లేస్తుంది. రాత్రిపూట వంతుల కరెంటు రోజుల్లో అలవాటై ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు అవి తీసేయమని ఊరూరా చెప్పారు. తీసినవాళ్ళెందరు, దాచినవాళ్ళెందరు, మీకే తెలుసు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేసరికి నారు ఎండుతుందని మనమే పోతాం. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో అట్లా పోయి తిరిగిరాని మనుషుల ఇంటివాళ్ళున్నారు. నేను పేర్లు చెప్పను. ఆ దిమ్మె దగ్గరికి ఏ ప్లయర్‌తోనూ పోకండి. 1912 నంబరుకు ఫోన్ చేసి కూర్చోండి, ఒక పూట నీళ్ళు ఆగితే ఆగనీయండి.

మీ సొంత స్టార్టర్ దగ్గర పనికైనా మెయిన్ ఆపి, మూడు తీగెలనూ ఒక్కోదాన్ని టెస్టర్‌తో చూసి, ఇన్సులేషన్ ఉన్న ప్లయరే వాడాలి. ఇన్సులేషన్ అంటే పిడికి ఎర్ర రబ్బరు ఉండటం కాదు. పిడి మీద రెండు త్రికోణాల గుర్తు, పక్కన 1000 వోల్టులని అచ్చు ఉండాలి. పగిలిన తొడుగుకు టేపు చుట్టి వాడొద్దు. పావు కిలో పైన బరువుంటుంది, ఉండనీయండి. అది జేబులో తిరిగేది కాదు, మోటరు గదిలో మేకుకు వేలాడేది.

అందుకని అందరికీ ఒకే వస్తువు అన్న ఆలోచన నాకు నచ్చలేదు. కమిటీ పెద్దలు ఏమనుకున్నా సరే. నా సలహా ఇది. వ్యవసాయం చేసేవాళ్ళకు ఆ 1000 వోల్టుల ప్లయర్, మంచి టెస్టర్ ఇవ్వండి. ఉద్యోగాల్లో, దుకాణాల్లో ఉన్నవాళ్ళకు, అక్కచెల్లెళ్ళకు అరవై గ్రాముల సైజుది, స్ప్రింగు ప్లయర్, కత్తెర ఉన్నది ఒకటి. ఆ 24 పనుల డబ్బాలు వంద కొనే బదులు ఇవి తక్కువ సంఖ్యలో కొని, సరిపోకపోతే మాలాంటి పింఛనుదార్లను పక్కన పెట్టండి, మేము సొంతంగా కొనుక్కుంటాం. నా మట్టుకు నేను నడిమి రకం, 142 గ్రాములది వాడుతున్నాను. అది వేలల్లో ఖరీదు, అందరూ కొనాలని నేను చెప్పను. కంపెనీ 25 ఏళ్ళ గ్యారంటీ ఇస్తుంది. నా వయసుకు ఆ గ్యారంటీ పిల్లలకే పనికొస్తుంది. అయినా కొనేటప్పుడు రిపేరుకు ఎక్కడికి పంపాలో అడిగి బిల్లు దాచుకోండి.

పదో తరగతి ఫస్టు వచ్చిన పిల్లలకు కూడా ఇద్దామని ఎవరో అన్నారు. బడి పిల్లలకు చాకు ఉన్నది వద్దు. చాకు లేని రకాలు ఉన్నాయని ఇందాకే చెప్పాను, అవి ఇవ్వండి.

పైనుంచి వచ్చిన మన అమెరికా పిల్లలకు ఒక్క మాట. తిరుగు ప్రయాణంలో మల్టీటూల్‌ను శంషాబాద్‌లో చేతిసంచిలో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గరే వదిలిపోవాలి. మన నిబంధనల్లో చాకు ఒక్కటే కాదు, ప్లయర్, స్క్రూడ్రైవర్ కూడా క్యాబిన్‌లోకి నిషేధమే. లగేజీలో వేసేయండి. చట్టానికి భయపడేవాళ్ళు కూడా ఉన్నారు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లెక్కకు వచ్చే కత్తులు తొమ్మిది అంగుళాలకు మించిన పొడుగువో, రెండు అంగుళాలకు మించిన వెడల్పువో. మన చాకు మూడు అంగుళాలు కూడా ఉండదు. అట్లని సభలకు, కోర్టుకు, పరీక్ష హాలుకు వేసుకుపోకండి, గేటు దగ్గర పోలీసాయనతో అంగుళాల లెక్క చెప్పే ఓపిక మనకుండదు.

భోజనాలకు పిలుస్తున్నారు. మూడు సైజుల నమూనాలు, కమిటీ వారి డబ్బా, ఒక ఇన్సులేషన్ ప్లయర్ ఆ కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. బైండింగ్ వైరు చుట్ట, తెల్ల కాగితాలు కూడా ఉన్నాయి. చేతులు కడుక్కునే ముందే వచ్చి ఒక్కోదాన్ని పట్టి చూడండి. చాకులు నిన్న రాత్రే పదును పెట్టాను, చిన్నపిల్లలను బల్ల దగ్గరికి రానీయకండి. సెలవు.